ఈశాన్యం వైపు చూసిన గాలిమర

గాలిమర ముఖం ఏ దిక్కున ఉండాలన్న దాని మీద మా అపార్ట్‌మెంట్ల సంఘం మూడు సమావేశాలు పెట్టింది. మూడింటికీ వెళ్లాను. గాలి ఎటు నుంచి వస్తే అటు తిరగడమే దాని పని, దాన్ని మనం తిప్పక్కర్లేదని మూడుసార్లూ చెప్పాను. మినిట్స్‌లో మూడుసార్లూ ‘సభ్యులు తమ అభిప్రాయాలు వెల్లడించారు’ అని రాసుకుని, టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అప్పటి నుంచి నాకు ఇక్కడ కోపిష్టి మేడమ్ అని పేరు. ఆ పేరు పెళ్లయిన నాటి నుంచీ ఉన్నదేనని, ఇప్పుడు తీర్మానం కూడా అయిందని మా ఆయన అంటారు.

అసలు ఇదంతా ఒక ఫోటోతో మొదలైంది. మేముండేది పుప్పాలగూడలో, ఒకప్పుడు పొలంగా ఉన్న చోట లేచిన ఆరు టవర్లలో ఒకదాంట్లో. ఆ పొలం యజమాని మనవడు కూడా తన వాటాగా వచ్చిన ఫ్లాట్లలో ఒకటి ఉంచుకుని ఇక్కడే ఉంటాడు. మర్యాదస్తుడు. ఇల్లు సర్దుతుంటే తాతగారి నాటి ఫోటో దొరికిందని ఒక ఆదివారం దాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పంచె కట్టుకున్న పెద్దాయన, ఆయన వెనక వరి మడి, మడి వెనక బావి, బావి మీద ఇనుప గాలిమర. బావి ఇప్పటికీ ఉంది. క్లబ్‌హౌస్ వెనక, పిల్లల జారుడుబల్ల పక్కన, పైన ఇనుప జాలీ వేసి తాళం పెట్టారు. గాలిమర మాత్రం లేదు. ఎప్పుడో గాలివానకు పడిపోతే తుక్కు కింద ఇచ్చేశారట.

ఆ ఫోటో కింద సాయంత్రానికి వందల బొటనవేళ్లు లేచాయి. మనమున్న చోటుకు ఒక చరిత్ర ఉందన్న సంగతి అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. గాలిమరను మళ్లీ కట్టాలి, దాంతోనే తోటకు నీళ్లు తోడాలి అని తీర్మానించేశారు. మా సంఘం ఇంత ఏకగ్రీవంగా దేనికైనా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడానికి వీళ్లకు రెండేళ్లు పట్టింది.

సమావేశంలో ఆ ఫోటోను తెర మీద పెద్దది చేసి చూపించినప్పుడు నేను నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. మర తోక రేకుకు రెండు మూలలూ కత్తిరించి ఉన్నాయి. అలా కత్తిరించేది నాకు తెలిసి ఒక్క మా షెడ్డే. ఇరవై రెండేళ్ల వయసులో నేను బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ట్రేసర్‌గా పనిచేశాను. ఇంజినీరు పెన్సిల్‌తో గీసిన బొమ్మ మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, సిరా కలంతో గీత మీద గీత దించడం నా పని. మూసాపేటలో ఒక గదిలో అద్దెకు ఉండేవాళ్లం, పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నడుచుకుంటూ వెళ్లేదాన్ని. షెడ్డులో ఫ్యాను వేస్తే కాగితం ఎగురుతుంది, వేయకపోతే చెమట. చెమట చుక్క పడి సిరా పాకితే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. మణికట్టు కింద రుమాలు పెట్టుకుని గీసేదాన్ని. అప్పట్లో ఆ షెడ్డులో రైతుల బావుల మీదికి గాలిమరలు చేసేవారు. తర్వాత ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం వచ్చి రిటైరయ్యేదాకా అక్కడే గీశాను గానీ, నేను గీసినవాటిలో నిలబడి గుండ్రంగా తిరిగినవి ఆ మరలే. మిగతావన్నీ మురికి కాలువలు.

“ఇది మేం చేసిందేనండి. దీని డ్రాయింగు నా దగ్గరుంది” అన్నాను.

నిజంగానే ఉంది. అటక మీద ట్రంకు పెట్టెలో, పెళ్లినాటి పట్టుచీర కింద. చుట్ట చుట్టిన ప్రింట్లు, ప్రతిదానికీ కుడి కింది మూలన ఒక చిన్న గడి, ఆ గడిలో ట్రేస్ చేసినవారు అన్న చోట నా పొడి అక్షరాలు. మా సంఘం అధ్యక్షుడు ఏదో ఐటీ కంపెనీలో పెద్ద మేనేజరు. ఆ కాగితాలను రెండు చేతులా పట్టుకుని, “మేడమ్, ఇది హెరిటేజ్ అండి” అన్నాడు. అక్కడికక్కడే గాలిమర చరిత్ర రాసే పని, తయారీ దగ్గరుండి చూసే పని రెండూ నా నెత్తిన పెట్టేశారు. పొగడ్తకు పడిపోయానని ఒప్పుకుంటున్నాను. ఇంట్లో ఎవరూ ఆ కాగితాలను అలా పట్టుకోలేదు.

చరిత్ర కోసం యజమాని మనవడి దగ్గరికే వెళ్లాను. ఇంకెవర్నైనా అడగాలని నాకు తట్టనే లేదు. అతనికి తెలిసింది కొంచెమే. తాతగారు ముచ్చటపడి మర పెట్టించారు, దాన్ని చూసుకోవడానికి ఊళ్లోనే ఒకతన్ని జీతానికి కుదుర్చుకుని, పొలం గట్టున గుడిసె వేసుకోనిచ్చారు. గాలి మరీ హెచ్చితే మరను ఆపేయాలి, లేకపోతే రెక్కలు అదుపు తప్పి తిరిగి విరిగిపోతాయి. ఆపడానికి కింద ఒక పిడి ఉంటుంది. దాన్ని కిందికి లాగి కొక్కేనికి తగిలిస్తే, దానికి కట్టిన ఇనుప తీగ నిలువు గొట్టంలోంచి పైదాకా వెళ్లి తోకను మడుస్తుంది. తోక మడవగానే చక్రం గాలికి పక్కకు తప్పుకుని నిలిచిపోతుంది. ఆ పిడి లాగడమే కాపలా అతని ముఖ్యమైన పని. ఒక సాయంత్రం గాలివాన వచ్చి మర విరిగి పడింది. వెళ్లి చూస్తే పిడి పైనే ఉంది. కల్లు తాగి ఎక్కడో పడుకుని ఉంటాడని తాతగారు అతన్ని పనిలోంచి తీసేసి, గుడిసె ఖాళీ చేయించారు.

ఇదంతా ఒక పేజీలో రాశాను. అందులో ఒక వాక్యం: ‘కాపలాదారుని నిర్లక్ష్యం వల్ల ఒక గాలివానకు ఈ గాలిమర కూలిపోయింది.’ బాగా కుదిరిందనే అనుకున్నాను. అభిప్రాయాల కోసం ప్రతి టవరు కింద నోటీసు బోర్డులో అంటించారు. అభిప్రాయాలు బోలెడు వచ్చాయి. ఒకాయన అక్షరాల సైజు పెంచమన్నాడు. ఒకావిడ తన కొడుకు పుట్టినరోజు ఫోటోలు మర దగ్గర తీయించుకోవచ్చా అని అడిగింది. ఇంకొకాయన ఇంగ్లీషులో లేదేమని అలిగాడు. చదివిన వాళ్లెవరో మాత్రం తెలియలేదు.

మూడో రోజు మా టవరు మెట్లు తుడిచే ఆమె తలుపు కొట్టింది. నలభై అయిదేళ్లుంటాయి, మనిషి మాటకారి కాదు. నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నా మా మధ్య ‘నీళ్లొస్తున్నాయా, లిఫ్టు పని చేస్తోందా’ అన్నంత వరకే. గడప బయటే నిలబడి మాప్‌ను గోడకు ఆనించింది.

“అమ్మా, కింద కాయిదం మీరే రాసిన్రంట.”

“నేనే. ఏం?”

“అండ్ల కాపలాదారు అని ఉన్నది గదా. గాయన మా నాయిన.”

లోపలికి వచ్చి కూర్చోమన్నాను. రాలేదు. ఆ గుడిసెలో ఏడాది కూడా ఉండలేదట. మర పడినప్పుడు తనకు ఎనిమిదేళ్లట.

“మా నాయిన గుంజిండు అమ్మా. గుంజితె పిడి రాలే. గిదే మాట ఎంతమందికి చెప్పిండో, ఒక్కరు నమ్మలే. గాలిమర కూలగొట్టినోడు అని పేరువడ్డది. మల్ల ఈ ఊర్ల ఎవ్వరు పనికి పెట్టుకోలే. మేస్త్రీల కాడ తట్టలు మోసిండు.” వేలితో కిందికి చూపించి, “నేను ఏడో తరగతి దాక సదివిన. నిర్లక్ష్యం అంటే నాకు తెలుస్తది” అంది.

ఇప్పుడైతే అప్పుడు నేనేం అని ఉండాల్సిందో తెలుసు. అప్పుడు మాత్రం నాకు వినిపించింది ఒక్కటే, నేను గీసిన మర పిడి లాగితే రాలేదట. “రాకపోవడమేంటమ్మా? అది ఒక్క చేత్తో వస్తుంది. దాని డ్రాయింగు నాకు తెలియదా” అన్నాను. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. ఆ చూపుకు నాకింకా తిక్క రేగి, “సరే, మళ్లీ కడుతున్నాం కదా. నిలబెట్టాక నువ్వే లాగి చూడు. రాకపోతే ఆ వాక్యం నా చేత్తో నేనే కొట్టేస్తాను” అన్నాను.

“గట్లనే అమ్మా” అని మాప్ తీసుకుని పై అంతస్తుకు వెళ్లిపోయింది. నేను తలుపేసుకుని, ఒక మనిషి తండ్రి పరువును పందెం కాసి వచ్చినట్టుందని మా ఆయనతో అన్నాను. కాసినట్టు కాదు, కాశావనే అన్నారాయన.

బాలానగర్‌లో మా పాత షెడ్డు లేదు. అక్కడ ఇప్పుడు పార్సిళ్ల గోడౌను ఉంది. కానీ అప్పటి మా ఫోర్‌మన్ కొడుకు రెండు వీధుల అవతల సొంత షెడ్డు పెట్టుకున్నాడని తెలిసి పని అతనికే అప్పగించాను. మంచి పనివాడు. డ్రాయింగులను బల్ల మీద పరిచి, చేతులు తుడుచుకుని గానీ ముట్టుకోలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సుఖం ఎంతోసేపు లేదు. నేను ఆ షెడ్డులో కూర్చున్న ఆ నెలా సంఘం వాళ్లు నన్ను ఫోన్లతో చంపుకుతిన్నారు. రెక్కలకు రంగుల దీపాలు పెట్టించగలరా అని ఒకరు. ఏదో దేశంలో చూసొచ్చారట, కింద అలాంటి గడ్డి కప్పు ఇల్లు పెడితే బాగుంటుందని ఒకరు. సెల్ఫీలు దిగడానికి మెట్టు కావాలని ఒకరు. తోక మీద మన ప్రాంగణం లోగో వేయించండని అధ్యక్షుడే. ప్రతివాళ్లకూ వద్దని, కుదరదని, డ్రాయింగులో లేదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

సరిగ్గా అలాంటి ఒక ఫోను పెట్టేసిన వెంటనే, ఫోర్‌మన్ కొడుకు ఒక కాగితం మీద తీగ గీత దగ్గర వేలు పెట్టి నన్ను పిలిచాడు.

“మేడమ్, ఈడ ఒక స్వివెల్ పడ్తది గదా. డ్రాయింగుల లేదు.”

స్వివెల్ అంటే రెండు కొసలూ వేటికవి విడిగా తిరిగే చిన్న ఇనుప ముక్క, బొటనవేలంత ఉంటుంది. ఆ పూట నాకు అది ఇంకో రంగు దీపంలాగే కనిపించింది.

“నువ్వు కూడా మొదలుపెట్టావా బాబూ? ప్రతివాళ్లూ దానికి ఏదో ఒకటి తగిలించేవాళ్లే. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చెయ్యి. ఒక్క బోల్టు ఎక్కువ కాకూడదు, ఒక్కటి తక్కువ కాకూడదు.”

“మా నాయన ఏమంటుండె అంటే మేడమ్...”

“మీ నాన్నగారు కూడా ఈ డ్రాయింగు చూసే చేశారు” అన్నాను. ఇంతలో మళ్లీ ఫోను మోగింది. మీ ఇష్టం మేడమ్ అని అతను పనిలో పడిపోయాడు.

ఆషాఢం వెళ్లీవెళ్లగానే మర నిలబెట్టారు. ప్రారంభోత్సవం నాడు పడమటి నుంచి షామియానా ఎగిరిపోయేంత గాలి వీస్తోంది. నేను కొత్త చీర కట్టుకుని, మరను చూసుకుందామని అందరికంటే ముందే వెళ్లాను. మర చక్కగా తిరుగుతోంది, కానీ గాలి వచ్చే వైపు దానికి వీపు ఉంది. నా కళ్లను నేను నమ్మలేకపోయాను. దగ్గరికెళ్లి చూస్తే, వాస్తు చూసే ఆయన చెప్పాడని, తలను ఈశాన్యం వైపు తిప్పి స్తంభానికి వెల్డింగ్ చేయించేశారు. ఇంటి ముందు నిలబడే వస్తువు నైరుతి ముఖంగా తిరిగితే అరిష్టమట. మరి రెక్కలెలా తిరుగుతున్నాయంటే, వెనక చిన్న మోటారు బిగించారు. నీళ్లెలా వస్తున్నాయంటే, తోట పైపును చాటుగా తొట్టిలో పెట్టారు. ఆ నీళ్లు ట్యాంకరువి.

రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు. నా చేత రెండు మాటలు మాట్లాడించారు. ఏం మాట్లాడానో గుర్తు లేదు, పళ్లు బిగబట్టి మాట్లాడానని మాత్రం వీడియోలో తెలుస్తోంది. చరిత్ర చెక్కిన గ్రానైటు పలక ఇంకా రాలేదని, నేను రాసిన పేజీనే ఫ్లెక్సీగా వేయించి కట్టారు. ఆ వాక్యం అరచేయంత అక్షరాలతో గాలికి కొట్టుకుంటోంది.

జనం భోజనాలకు వెళ్లాక ఆమె పూలు, కాగితాలు ఊడవడానికి వచ్చింది. మోటారు ఆపేసి ఉంది.

“గుంజనా అమ్మా?” అని అడిగింది.

“లాగు” అన్నాను.

కొంగు బిగించి, రెండు చేతులతో పిడి పట్టుకుని, ఊపిరి పీల్చుకుని లాగింది. అంత బలం అక్కర్లేదు. పిడి గబుక్కున కిందికి వచ్చేసింది, ఆమె తూలింది. పైన తోక బుద్ధిగా మడుచుకుంది. ఆమె పిడిని పైకి వదిలి, ఈసారి ఒక్క చేత్తో లాగింది. మళ్లీ వచ్చింది.

“వచ్చింది” అంది.

“అవును” అన్నాను.

నా మాట నెగ్గింది. అయినా నాకేమీ గెలిచినట్టు లేదు. ఆమె ఇంకేమీ అడగకుండా పూలన్నీ ఊడ్చి గోనెలో ఎత్తుకుంది. మర్నాటి నుంచి మెట్ల మీద ఎదురైతే పక్కకు తప్పుకుని తల దించుకుని పోయేది. వారానికి గ్రానైటు పలక వచ్చింది. ఆ వాక్యం అందులో లోతుగా, అందంగా చెక్కి ఉంది. బిగించే మనిషి దొరక్క దాన్ని క్లబ్‌హౌస్ గోడకు ఆనించి పెట్టారు.

నేను మొదట్లో చెప్పిన మూడు సమావేశాలు అప్పుడు జరిగాయి. గాలిమరను గాలికి తిరగనివ్వండి అని అడగడానికి మూడు సమావేశాలు. తల గుండ్రంగా తిరిగేటట్టు చేయడానికే బాల్ బేరింగులు వేశామని బొమ్మ గీసి చూపించాను. “మీరు చెప్పేది కరెక్టే మేడమ్, కానీ జనాల సెంటిమెంట్ కూడా చూడాలి కదండీ” అన్నాడు అధ్యక్షుడు. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని లోకానికి లాజిక్కు అమ్మే మనుషులు ఆ గదిలో యాభై మంది ఉన్నారు. ఒక్కరు నోరు విప్పలేదు.

ఇక లాభం లేదని నేనే వాస్తు మాట్లాడాను. ఆ వాస్తు ఆయనకే ఫోను చేశాను. “అయ్యా, మా బావి వాయవ్య మూలన ఉంది. వాయవ్యానికి అధిపతి ఎవరండీ?” అన్నాను. వాయుదేవుడు అన్నాడు. “మరి వాయుదేవుడి చోట గాలిని కట్టేయడం దోషం కాదాండీ?” అన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు. సాయంత్రానికల్లా దోషమేనని తేల్చాడు. ఇంజినీరింగు చెప్పినన్నాళ్లూ కుర్చీలోంచి కదలని వాళ్లు, మర్నాడు పొద్దున్నే గ్రైండరు పెట్టి వెల్డింగు కోయించేశారు.

ఆ తర్వాత నెలన్నర నాకు పండగే. గాలి ఎటు వీస్తే అటు తల తిప్పుకుంటూ, టకటకమని కడ్డీ పైకీ కిందికీ ఆడుతూ, ఆ బావి నీళ్లు తొట్టిలో పడుతుంటే చూడటానికి రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లేదాన్ని. వానాకాలం చివర గాలి ఒక దిక్కున నిలవదు. పొద్దున పడమర, మధ్యాహ్నం ఉత్తరం, సాయంత్రం ఎటో. మర దానితో పాటే చుట్టూ తిరుగుతుండేది. తిరగనీ, నేను కోరిందే కదా అనుకున్నాను. చిన్నపిల్లలా సంతోషపడ్డాను.

దసరా ముందు ఒక మధ్యాహ్నం, స్కూలు బస్సులు వచ్చే వేళకు ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. సెక్యూరిటీ అతను ఇంటర్‌కమ్‌లో, “మేడమ్, గాలిమర బ్రేకు పడ్తలేదు, జర కిందికి రండి” అన్నాడు. గొడుగు పట్టుకుని వెళ్లాను, గొడుగు మెట్ల దగ్గరే తిరగబడింది. రెక్కలు విడివిడిగా కనిపించడం లేదు, ఒకటే పళ్లెంలా తిరుగుతున్నాయి. స్తంభం మొత్తం కంపిస్తోంది. సెక్యూరిటీ అతను పిడి పట్టుకుని లాగుతున్నాడు. అది బెత్తెడు దిగి ఆగిపోతోంది. వదిలితే పైకి తన్నేస్తోంది.

“సరిగ్గా లాగు, ఒక్క చేత్తో రావాలది” అని అరిచాను.

ఇంతలో ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎక్కడ తుడుస్తోందో, చేతులకు ఇంకా సబ్బు నీళ్లున్నాయి. అతన్ని పక్కకు నెట్టి పిడి పట్టుకుని లాగింది. రాలేదు. ఎగిరి దానికి వేలాడింది. రెండు పాదాలూ నేల మీద లేవు, ఒంట్లో బరువంతా దాని మీదే ఉంది, అయినా పిడి దిగలేదు. నేనూ వెళ్లి ఆమె చేతుల మీద చేతులు వేసి లాగాను. మా ముగ్గురికీ అది లొంగలేదు.

ఆమె కాళ్లు నేల మీద పెట్టి నా వైపు తిరిగింది. ముఖమంతా వాన.

“రాలే” అంది.

నేను ఆమె చేయి పట్టుకుని దూరంగా లాక్కొచ్చాను. బస్సు దిగిన పిల్లల్ని లోపలికి తరిమాం. రెండు రెక్కలు ఊడి పచ్చిక మీదికి వచ్చి దిగబడ్డాయి. అదృష్టం బాగుండి అక్కడెవరూ లేరు. గాలి పావుగంటలో తగ్గింది. మర నిలిచింది, అది కాంక్రీటు పునాది గొప్ప. అప్పటి మరను పొలంలో మట్టిలోనే పాతారు.

మర్నాడు ఫోర్‌మన్ కొడుకు వచ్చి పైకెక్కి తీగ విప్పి కిందికి తెచ్చాడు. పిండి పడేసిన దుప్పటిలా మెలికలు తిరిగి ఉందది. ఒకచోట మెలిక ముడిపడి గొట్టం మూతికి అడ్డంగా ఇరుక్కుంది. అది లోపలికి దూరదు, పిడి కిందికి రాదు.

“తల తిరుగుతది మేడమ్, పిడి తిరగది. నడుమల తీగ మెలివడ్తది. అందుకే స్వివెల్ వేస్తరు. మా నాయన మొదట్ల చేసిన మరలు ఒకటి రెండు గిట్లనే పడ్డయంట. డ్రాయింగుల లేదని ఆఫీసుల చెప్పిండట, ఎవ్వరు వినలే. ఆన్నుంచి సొంతంగ వేసుకుంట పోయిండు” అన్నాడు. నేను ఆ రోజు చెప్పనివ్వని మాట అదే. అతను ఆ సంగతి ఎత్తలేదు.

ఇంటికెళ్లి ఆ కాగితం తీశాను. తీగ ఉన్నచోట పైనుంచి కిందిదాకా ఒకే గీత, ఎక్కడా ఆగని శుభ్రమైన గీత. ఇంజినీరు పెన్సిల్ బొమ్మలోనే ఆ ముక్క లేదో, నేను దించేటప్పుడు వదిలేశానో తేల్చడానికి ఇప్పుడు దారి లేదు. కానీ అంత చిన్న ముక్కను చెమట తుడుచుకునే తొందరలో దాటేసి, సిరా ఆరాక చూసుకోకుండా సంతకం పెట్టగల మనిషినని నాకు తెలుసు. వెల్డింగు చేసి తల కదలకుండా ఉంచినన్నాళ్లూ పిడి ఒక్క చేత్తో వచ్చిందంటే, అందుకే. ఇన్నాళ్లూ అందరి మీదా చూపించిన కోపం వెనక్కి తిరిగి నా మీదికే వచ్చి కూర్చుంది.

పలక మార్చాలని అధ్యక్షుడికి చెప్పాను. చెక్కేసిన రాయి కదా మేడమ్, పైన ఒక స్టిక్కర్ వేద్దాం అన్నాడు. కుదరదన్నాను. “అయినా అదంతా ఎవరు చదువుతారండీ?” అన్నాడు, నిజంగానే తెలియక.

“తుడిచేవాళ్లు చదువుతారు” అన్నాను. కొత్త రాయి నేనే చేయిస్తానని, మళ్లీ సమావేశం పెడితే మాత్రం వచ్చేది లేదని చెప్పేసి వచ్చాను.

కొత్త వాక్యం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని ఆమె కోసం మెట్లు దిగాను. మూడో అంతస్తు మలుపులో బకెట్ పక్కన పెట్టుకుని తుడుస్తోంది. చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివింది. ‘గాలివాన వచ్చిన రోజు కాపలాదారు బ్రేకు లాగాడు. డ్రాయింగులో లోపం వల్ల బ్రేకు పడలేదు. గాలిమర కూలిపోయింది.’

“ఆ డ్రాయింగు గీసింది నేనే” అన్నాను. “మీ నాన్న తప్పేం లేదు. తప్పు నాది.”

తిడుతుందనుకున్నాను. తిడితే పడదామని సిద్ధపడే వచ్చాను. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను, తడిగా ఉంది.

“దవాఖానల ఆఖరికి నేనే ఉన్న అమ్మా ఆయన కాడ” అంది. “ఒక దినం అడిగిన. నాయినా, ఇప్పుడన్న నిజం చెప్పు, గుంజినవా, తాగి పండుకున్నవా అని.”

“ఏమన్నాడు?”

“ఏమనలే. గోడ దిక్కు తిరిగి పండుకుండు. మల్ల నాతోని మాట్లాడలే.”

తప్పు నాదేనని, ఆ ముక్క నేను గీసి ఉంటే ఇదంతా జరిగేది కాదని మళ్లీ అన్నాను.

ఆమె కాగితాన్ని తడి తగలకుండా మడిచి జాకెట్లో పెట్టుకుంది.

“మీరు గీసిన్రు అమ్మా” అంది. “అడిగింది నేను.”